యమున బదులు

వరలక్ష్మీ వ్రతం దగ్గర పడేసరికి రాజాంలో ఆడవాళ్లందరికీ ఒకేసారి జాకెట్లు గుర్తొస్తాయి. పద్మకుమారి కుట్టుమిషను పక్కన గుడ్డలు మోకాలెత్తు పేరుకున్నాయి. ఆమె గుండుసూదులు పంటి కింద పట్టుకుని ఒక ఎర్రపట్టు జాకెట్టుకి చంక మడత సరిచూసుకుంటున్న వేళ తమ్ముడు రమేష్‌బాబు వచ్చాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల కోసం వేసిన స్టూలు మీద కూర్చున్నాడు.

"అప్పా, ఆదివారం ఇజీనగరం ఎల్లాల. నివ్వూ రావాల."

పద్మకుమారి తలెత్తకుండానే "ఊ" అంది. అది ఒప్పుకోవడం కాదు, విన్నానని చెప్పడం. రమేష్‌బాబు మాత్రం ఒప్పుకోవడం కిందే జమకట్టాడు.

"ఇద్దరికీ పేర్లిచ్చీసేను."

ఆమె నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దూదిబిళ్లకి గుచ్చింది. "దేనికి?"

"ఫ్యామిలీ కాన్‌స్టలేషనని ఒకటున్నాది. కుటుంబ అమరిక అంటారట తెలుగులో. మనింట్లో ఓల్ల బదులు బయటోల్లు నిలబడతారు. అలాగ నిలబడీసరికి ఇంట్లో ఏటి ముడి ఉన్నాదో బయటపడిపోతాది. తాతల నాటి ముడైనా సరే. నేను ఫోన్లో వీడియోలు సూసేను."

"యమున ఎందుకెలిపోనాదో తెలుసుకోడానికి తాతల కాడికెందుకురా? యమునని అడుగు."

"నివ్వు అడిగేవు కదా."

"అడిగేను. ఏటీ లేదు వదినా అన్నాది."

"అదీ. ఏటీ లేకండా మూడోపాలి ఎందుకెలిపోతాది మనిషి? దాని సేతిలో లేదప్పా. ఎనకనుంచి ఏదో లాగతన్నాది."

రమేష్‌బాబుకి పాలకొండ రోడ్డులో పురుగుమందుల దుకాణం ఉంది. ఆకు చూడకుండానే రైతుకి ఏ మందు కొట్టాలో చెప్పే గొంతుతోనే ఇదీ చెప్పాడు. పద్మకుమారికి ఒళ్లు మండింది. వాడి భార్య యమున పాపని తీసుకుని పుట్టింటికి వెళ్లింది మొదలు రెండిళ్ల వంటా తన మీదే పడింది. పొద్దున ఒక క్యారేజీ, రాత్రికి ఒక క్యారేజీ. మధ్యలో యమునకి ఫోను చేయాలి. ఆమె అన్నది తమ్ముడికి చెప్పాలి. "అలాగన్నాదా, అయితే ఇలాగను" అని వాడు చెప్పింది మళ్లీ ఆమెకి చేరవేయాలి. ఈలోగా ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి జాకెట్టు అయిందా అని అడుగుతారు.

"ఆదివారం నేను రాలేన్రా. ఈ గుడ్డల కొండ సూడు."

లోపల భోజనం చేస్తున్న భర్త జగన్నాధం, ధాన్యం వర్తకుడి దగ్గర కాటా వేసే మనిషి, ముద్ద నోట్లో పెట్టుకునే మాట్లాడాడు. "ఎల్లొచ్చీ. నివ్వెల్లకపోతే ఆడు రోజూ వచ్చి ఆ స్టూలు మీదే కూకుంటాడు."

ఆ మాట నిజమే కాబట్టి ఆమెకి మరింత కోపం వచ్చింది.

*

విజయనగరంలో ఒక ఫంక్షన్‌హాలు పై అంతస్తు. కింద ఎవరిదో నిశ్చితార్థం జరుగుతోంది. పోపు వాసన మెట్ల మీదుగా పైకి వస్తోంది. చెప్పులు బయట విప్పించారు. కుర్చీలు గుండ్రంగా వేసి మధ్యలో చోటు ఖాళీగా ఉంచారు.

నడిపించే ఆయన పేరు నారాయణమూర్తి. విశాఖపట్నం నుంచి వచ్చాడు. తెల్ల లాల్చీ, వెండి గడ్డం. ఎంత నెమ్మదిగా మాట్లాడతాడంటే, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య తను ఒక హుక్కు కుట్టేయొచ్చనిపించింది పద్మకుమారికి.

"ఇక్కడ ఎవరూ నటించరు. నిలబడతారు, అంతే. శరీరం ఏం చెబుతోందో వినండి."

మొదట అనూరాధ అనే డిగ్రీ కాలేజీ లెక్చరర్ లేచింది. ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, తన ఒళ్లు కొయ్యబారిపోతుందని చెప్పింది. చిన్నప్పుడు నాన్న బెల్టుతో కొట్టేవాడని, ఆ మాట ఏదో ఊరి పేరు చెప్పినట్టు మామూలుగా చెప్పింది. తండ్రి బదులు మందుల షాపు ఆయనొకడు నిలబడ్డాడు. నారాయణమూర్తి అనూరాధని ఆయన ముందుకి తీసుకెళ్లాడు.

"మోకాళ్ల మీద కూర్చోండి. తల వంచండి. 'నాన్నా, నువ్వు పెద్ద, నేను చిన్న. నువ్విచ్చినదంతా తీసుకుంటున్నాను' అనండి."

అనూరాధ ఒకసారి కుర్చీల వైపు చూసింది. ఎవరైనా వద్దంటారేమోనని చూసినట్టుంది. ఎవరూ అనలేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది. మాటలు పలికింది. ఏడ్చింది. గుండ్రంగా కూర్చున్నవాళ్లలో కొందరు కళ్లు తుడుచుకున్నారు. మందుల షాపు ఆయన చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"వంగాల్సినోడు నిలుసున్నాడేటి?" పద్మకుమారి తమ్ముడి చెవిలో అంది.

"నివ్వూరుకో అప్పా. ఇది లోపల్నుంచి పని సేస్తాది."

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచారు. అనూరాధ ఈమె పక్కనే కూర్చుంది. పొట్లం విప్పింది, మళ్లీ మూసింది.

"తేలిగ్గా ఉందండి," అంది అడగకుండానే.

"మీ నాన్నగారు ఎప్పుడైనా తప్పయిపోనాది అన్నారా, అమ్మా?"

"లేదండి. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నారు. కొట్టినట్టు ఆయనకి గుర్తు లేదు."

"మీకు గుర్తుంది కదా."

అనూరాధ పొట్లం మీదున్న రబ్బరుబ్యాండు వేలికి చుట్టుకుంది. "ఈ మాట మీరు లోపల అడగాల్సిందండి," అంది.

పద్మకుమారి తలదించుకుని పులిహోరలో కరివేపాకు ఏరింది. లోపల తనూ అందరితో పాటు ఊరుకుంది. పక్కవాడి చెవిలో అంటే అన్నట్టు కాదు.

భోజనాల తర్వాత రమేష్‌బాబు వంతు వచ్చింది.

"మీ సమస్య ఒక్క వాక్యంలో చెప్పండి," అన్నాడు నారాయణమూర్తి.

"మా ఆవిడ మాటిమాటికీ పుట్టింటికి వెళ్లిపోతోందండి. కారణం ఏమీ లేదండి."

పద్మకుమారి పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

రమేష్‌బాబు బదులు ఒక పొడుగాటి బ్యాంకు కుర్రాడు లేచాడు. యమున బదులు ఒక ఆడమనిషి కావాలి. రైలు అందుకోవాలని ఇద్దరు ముగ్గురు భోజనం కాగానే వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలో పెద్దావిడలే ఎక్కువ. నారాయణమూర్తి చుట్టూ చూసి పద్మకుమారి దగ్గర ఆగాడు.

"మామూలుగా ఇంట్లో వాళ్లని నిలబెట్టం. ఈసారికి ఫర్వాలేదు. మీరు యమున."

"నేనా? నేను ఆడపడుసునండి."

"ఇప్పుడు మీరు యమున." అదే నెమ్మది. తర్వాత రమేష్‌బాబు వైపు తిరిగాడు. "ఇంట్లో ఇంకా ఎవరు ముఖ్యం మీకు?"

"మా అప్పండి," అన్నాడు రమేష్‌బాబు వెంటనే.

ఆ అప్ప బదులు అనూరాధని లేపారు. ముగ్గుర్నీ ఎక్కడ నిలబెట్టాలో రమేష్‌బాబే, ఆలోచించకుండా, భుజాలు పట్టుకుని నడిపించి నిలబెట్టాలి. బ్యాంకు కుర్రాణ్ణి మధ్యలో పెట్టాడు. అనూరాధని తీసుకొచ్చి ఆ కుర్రాడి భుజానికి ఆనుకునేలా, వాడి వైపే తిప్పి నిలబెట్టాడు. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఇక మిగిలింది పద్మకుమారి. వెనకనుంచి తమ్ముడి చేతులు భుజాల మీద పడ్డాయి. ఆ చేతులకి ఆమెని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కొంచెం నడిపించాడు, ఆగాడు, మళ్లీ నడిపించాడు. ఆ ఇద్దరికీ వెనగ్గా, కిటికీ పక్కన వదిలేశాడు.

"అంతేనండి," అన్నాడు.

ఆమెకి ఎదురుగా అనూరాధ వీపు. జాకెట్టు మెడ దగ్గర పైపింగు వంకరగా పోయింది, ఎవరు కుట్టారో గాని. తమ్ముడి బదులు నిలబడ్డ కుర్రాడు ఎక్కడున్నాడని చూసింది. ఒక చెవి, కొంచెం చొక్కా చెయ్యి. కుడి పక్కకి ఒరిగితే అనూరాధ భుజం అడ్డు. ఎడమకి ఒరిగితే గోడ. మడమలెత్తి చూసింది. లాభం లేదు. ఏదైనా చెప్పాలంటే ముందు ఆ వీపుకి చెప్పాలి. అది వాడికి చెబితే చెప్పినట్టు, లేకపోతే లేదు.

ఇందులో ఆత్మలూ లేవు, శక్తులూ లేవు. నిలబడ్డ చోటు అలాంటిది. అయినా ఆమె అరచేతులకి చెమట పట్టింది. చీరకి తుడుచుకుంది.

"యమున గారూ, ఏమనిపిస్తోంది?"

అది తననేనని తెలియడానికి ఆమెకి కాస్త పట్టింది.

"కనబడ్డం లేదండి."

"గతం కనబడడం లేదు," అన్నాడు నారాయణమూర్తి అందరితో.

"గతం కాదండి. మొగుడు కనబడ్డం లేదు. ఈ అమ్మ అడ్డంగా ఉన్నాది."

ఎవరో నవ్వారు. అనూరాధ తల సగం తిప్పింది, మళ్లీ తిన్నగా పెట్టుకుంది.

"వివరణలు వద్దమ్మా. శరీరం ఏం చెబుతోందో అది చాలు."

"శరీరమే సెప్తన్నాది బాబూ. మెడ పట్టీసింది."

నారాయణమూర్తి కళ్లు మూసుకుని తెరిచాడు. పద్మకుమారికి ఉక్కగా ఉండి కిటికీ వైపు మొహం తిప్పింది. ఆయన వెంటనే చెయ్యెత్తాడు.

"చూడండి. ఆమె బయటికి చూస్తోంది. వెళ్లిపోయిన ఎవరినో వెతుకుతోంది. రమేష్ గారూ, మీ వంశంలో ఇల్లు విడిచి వెళ్లిన ఆడమనిషి ఎవరు?"

రమేష్‌బాబు నుదురు రుద్దుకున్నాడు. "మా తాతకి మొదట ఒక పెళ్లాం ఉండేదటండి. పంపించేశారట. మా అప్ప చెప్పింది ఎప్పుడో."

గదిలో ఒక నిట్టూర్పు లేచింది. పద్మకుమారికి అక్కడే కూలబడాలనిపించింది. చేతికందేంత దూరంలో ఉన్నదాన్ని వదిలేసి వీళ్లు ఎప్పుడో పోయిన ముసలమ్మ దగ్గరికి వెళ్లిపోయారు. ఒక పెద్దావిడని తెచ్చి ఆ మొదటి భార్య బదులు నిలబెట్టారు. రమేష్‌బాబు ఆవిడ కాళ్ల మీద పడ్డాడు. 'మా ఇంట్లో నీకు చోటుంది' అన్నాడు. నిజంగానే ఏడ్చాడు; చొక్కా కాలరు తడిసింది.

ఆఖర్న నారాయణమూర్తి వాణ్ణి లేపి పద్మకుమారి ఎదురుగా తెచ్చాడు. అనూరాధని ఎందుకో పక్కకి జరగమనలేదు. వాడే చుట్టుతిరిగి వచ్చాడు.

"ఆమె కళ్లలోకి చూడండి. 'ఇప్పుడు నిన్ను చూస్తున్నాను. నీ చోటు నీది' అనండి."

రమేష్‌బాబు అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇప్పుడు నిన్ను చూస్తున్నాను," అన్నాడు. "నీ చోటు నీది." అంత దగ్గరగా మొహం పెట్టి, అంత మెత్తగా వాడు ఎవరితోనైనా మాట్లాడడం పద్మకుమారి ఎన్నడూ చూడలేదు. ఆ మాటలు వినాల్సిన మనిషి వంశధార ఒడ్డున పుట్టింట్లో ఉంది. ఇక్కడ జాకెట్లు కుట్టుకునే ఆడపడుచు వింటోంది.

"ఇదేటి కర్మరా," అంది ఆమె, పెదాలు కదిలీ కదలకుండా.

బస్సులో చీపురుపల్లి దాటేదాకా రమేష్‌బాబు హాయిగా నిద్రపోయాడు. లేచి వేరుశనక్కాయలు కొన్నాడు. ఒలిచి గింజలు అక్క చేతిలో పోశాడు.

"భారం దిగిపోనాదప్పా. అంతా ఆ ముసల్ది. నా తప్పు కాదు, యమున తప్పూ కాదు. నివ్వెల్లి దానికి సెప్పీ, తేలిపోనాదని. బయల్దేరి వచ్చీమను."

"నివ్వెల్లు."

"నెల్రోజులు దీని గురించి మాటాడొద్దన్నారు సారు. మాటాడితే శక్తి పోతాదట. నివ్వు మాటాడొచ్చు."

"నేను ఏటి సెప్పాల? నీ మొగుడు ఎవరి కాళ్ల మీదో పడ్డాడు, ఇంక వచ్చీ అనా?"

"నివ్వు సెప్తే ఇంటాది. నివ్వు సెప్తే ఎవరైనా ఇంటారు," అన్నాడు వాడు ప్రేమగానే. పొట్టు కిటికీలోంచి పారేశాడు.

*

సోమవారమంతా ఆమె మిషను తొక్కుతూనే ఉంది. మంగళవారం పొద్దున్నే గుడ్డలన్నీ ఒక దుప్పట్లో మూటగట్టి, అడగొచ్చినవాళ్లకి రేపు రమ్మని చెప్పమని భర్తకి అప్పజెప్పి, బస్సెక్కింది. వెళ్లేది తమ్ముడి మాట చెప్పడానికి కాదని తనకి తెలుసు. ఎందుకు వెళ్తోందో మాత్రం సరిగ్గా తెలియలేదు. ఆ వీపు కళ్లలోంచి పోవడం లేదు.

శ్రీకాకుళంలో బస్సు మారి, శ్రీముఖలింగంలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో ఊళ్లోకి వెళ్లేసరికి ఎండ మాడ్చేస్తోంది. యమున వీధరుగు మీద చేటలో ఉలవలు ఏరుతోంది. పొడుగు మనిషి, కూర్చున్నా గుమ్మం సగం నిండింది. పాప చాప మీద నిద్రపోతోంది. యమున తల్లి లక్ష్మణమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఎండనబడొచ్చేవు, కాల్లు కడుక్కో అమ్మా. నాను బువ్వెడతాను. ఆల్ల తగువు ఆల్లది, బువ్వకేటి తగువు."

"అలాగే అత్తా," అంది పద్మకుమారి. కాళ్లు కడుక్కుని వచ్చి మరదలి పక్కన కూర్చుంది. తనూ గుప్పెడు ఉలవలు అరచేతిలో పోసుకుని రాళ్లు ఏరసాగింది. యమున ఏమీ అడగలేదు. ఎప్పుడూ అడగదు. అదే పద్మకుమారికి విసుగు.

"ఆదివారం ఇజీనగరం ఎల్లేము," అని తనే మొదలుపెట్టింది. జరిగిందంతా చెప్పింది. కాళ్ల మీద పడ్డం, కాలరు తడవడం, మొదటి మామ్మ. చెబుతుంటే తనకే సిగ్గేసింది.

యమున వింటూ ఒక నల్లరాయి ఏరి కింద పడేసింది. "అయితే ఆయన ఏడ్సేరా?"

"ఏడ్సేడు."

"నా బదులు ఎవులు నిలబడ్డారు?"

"నేనే."

యమున తలెత్తింది. నవ్వు ఆపుకోలేకపోయింది. పాప కదిలితే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"అయితే నీ సేతులట్టుకుని సెప్పేరా, నీ సోటు నీదని?"

"నవ్వకే. నాకు సచ్చినంత పనైంది."

"ఆయన సెప్పింది నీకు. ఏడ్సింది ఎవులో ముసలావిడ కాల్ల మీద. ఇంక ఆ ముసలావిడ్నే కాపరానికి రమ్మను వదినా. నానెందుకు మల్ల?" నవ్వు అలాగే ఉండి గొంతు మాత్రం మారింది. కాసేపు చేట ఆడించింది. దుమ్ము ఎగిరింది. తర్వాత, చేటలోకే చూస్తూ అడిగింది. "ఎలాగున్నాది, నా సోటు?"

బాగానే ఉంది అనొచ్చు. అదంతా బూటకమే అని తీసిపారేయొచ్చు. పద్మకుమారి అరచేతిలో ఉలవలు చెమటకి అంటుకుంటున్నాయి.

"ఏటీ కనబడలేదు," అంది. "నా బదులు ఒక మేడమ్ నిలబడ్డాది. ఆవిడ వీపు తప్ప ఏటీ కనబడలేదు."

యమున చేతులు ఆగిపోయాయి. లోపల లక్ష్మణమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు కూడా ఆగింది.

"మా వంటగది గట్టు ఎప్పుడైనా సూసేవా వదినా?" అంది యమున.

"దానికేటయింది?"

"కట్టించినప్పుడు ఎత్తెంత పెట్టాలని మేస్త్రీ అడిగేడు. ఆయన నిన్ను పిలిసేరు. నివ్వొచ్చి నిలబడ్డావు. నీ నడుం కాడ గీత పెట్టేడు మేస్త్రీ. నాను పక్కనే ఉన్నాను. నాలుగేల్ల నుంచి వొంగి వండతన్నాను."

పద్మకుమారికి వెంటనే గుర్తు రాలేదు. వచ్చేసరికి మొహం వేడెక్కింది. మనిషి గుమ్మంలోకి రాగానే నడుము కొలత కంటితో చెప్పగలదు తను. యమునకీ తనకీ మధ్య ఎత్తులో జానెడు తేడా.

"సెప్పొచ్చు కదా," అంది, అనుకున్నదానికంటే గట్టిగా.

"ఎవులికి? ఆయనకి సెప్తే అప్పకి సెప్పు అంటారు. పాపకి పేరెట్టినా అప్ప, పాలు మాన్పించినా అప్ప, నాను పుట్టింటికొస్తే రమ్మని పిలిసేదీ అప్పే. నీకు సెప్దామంటే, నీ మీద నీకే సెప్పినట్టు. నివ్వు మంచిదానివి వదినా. తిట్టుకోడానికైనా వీల్లేదు."

ఈ మనిషి ఇన్ని మాటలు వరసగా మాట్లాడగా పద్మకుమారి వినలేదు. కోపం వచ్చింది. రెండిళ్ల వంటా గుర్తొచ్చింది, మూటగట్టిన గుడ్డలు గుర్తొచ్చాయి. ఇంత చేస్తే ఇదా అని అడుగుదామనుకుంది. అడిగితే ఆ అడగడం కూడా మధ్యలో అడ్డు నిలవడమేనని కనబడింది. ఆగిపోయింది.

"నేనేటి సెప్పాల ఆడికి?" అంది చివరికి.

"నివ్వు ఏటీ సెప్పకు. అదే నాను అడిగేది."

అప్పుడే పద్మకుమారి సంచిలో ఫోను మోగింది. రమేష్‌బాబు.

"ఏటన్నాదప్పా? వస్తాదా?"

ఆమె యమున వైపు చూసింది. యమున ఉలవల్లోకి చూస్తోంది. చెవులు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

"ఇక్కడే ఉన్నాది. దాని నెంబరు నీ కాడుంది కదా. సేసి అడుగు," అని కట్ చేసింది.

మళ్లీ మోగింది, ఆమె సంచిలోనే. కట్ చేసింది. మళ్లీ మోగింది. యమున ఫోను కిటికీ గూట్లో ఉంది. ఇద్దరూ దాని వైపు చూడకుండా దాన్నే చూస్తూ కూర్చున్నారు. అది మోగలేదు. పద్మకుమారి ఫోను ఇంకో రెండుసార్లు మోగి ఊరుకుంది.

"సూసేవా," అంది యమున. ఆ గొంతులో గెలుపేమీ లేదు.

లక్ష్మణమ్మ అన్నానికి పిలిచింది.

*

బుధవారం సాయంత్రం రమేష్‌బాబు స్కూటరు ఇంటి ముందు ఆపి లోపలికి రాలేదు. సీటు మీదే కూర్చున్నాడు. పద్మకుమారి గుమ్మం దగ్గర మిషను మీద ఉంది. ఆకుపచ్చ జాకెట్టుకి లైనింగు వేస్తోంది. మిషను ఆపలేదు.

"ఫోనెందుకు కట్ సేస్తన్నావు?"

"నీకు కావాల్సింది నా ఫోను కాదు."

"ఏటన్నాదో సెప్పీ అప్పా. ఒక్క ముక్క. దాన్నిబట్టి నేను—"

"నాకు సెప్పింది నాకు సెప్పింది. నీకు సెప్పాల్సింది నీకు సెప్తాది. ఎల్లి అడుగు."

"ఎప్పుడూ నివ్వే కదా మాటాడతావు. ఇప్పుడు ఇదేటి? అది ఏటైనా మంత్రం పెట్టిందా నీకు?"

చక్రం ఆగింది. పద్మకుమారి పాదం తీసి దారం తెంపింది. "రాత్రికి క్యారేజీ లేదు," అంది. "వండుకో. లేకపోతే ఓటల్లో తిను."

రమేష్‌బాబు కాసేపు అక్కనే చూశాడు. చిన్నప్పుడు బడి దగ్గర వదిలేసి వస్తుంటే చూసిన చూపే. ఆమె లైనింగు అంచు మడిచి గోటితో నొక్కుతూ కూర్చుంది, గోరు నొప్పి పెట్టేదాకా. స్కూటరు వెళ్లిపోయింది.

"ఆడు అన్నం తినకండా ఎల్లేడు," అన్నాడు జగన్నాధం లోపల్నుంచి.

"సూసేను."

"రెండు గరిటెలు కట్టిస్తే ఏటి పోతాది?"

"మీరు ఊరుకుంటారా?"

ఆమె ఆ రాత్రి సరిగా తినలేదు.

గురువారం పురుగుమందుల దుకాణం తెరవలేదని దారిన పోయే రైతు ఎవరో చెప్పారు. అసలే మందుల కాలం. కస్టమర్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎర్రపట్టు జాకెట్టు చంకలో బిగుతుగా ఉందని విప్పించింది ఒకావిడ. ఇంకొకావిడ తన గుడ్డలో ముక్క తగ్గిందని గొడవ పడింది. పద్మకుమారి అందరికీ జవాబులు చెబుతూనే వీధి మలుపు వైపు చూస్తోంది.

దీపాల వేళకి రమేష్‌బాబు వచ్చాడు. స్కూటరు మీద కాదు, బస్టాండు నుంచి నడిచి. ప్యాంటు మోకాళ్ల దాకా మట్టి ఎండిపోయి ఉంది. చేతిలో క్యారేజీలు ఉన్నాయి, ఇన్నాళ్లూ వెళ్లి అక్కడే పేరుకున్నవి. దారిలో ఇంట్లోకెళ్లి కడిగి తెచ్చాడు. గుమ్మం పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. చాలా అలిసినట్టున్నాడు.

"ఎల్లేను," అన్నాడు.

పద్మకుమారి హుక్కు కుడుతోంది. సూది ఆగింది.

"సారు సెప్పినట్టే అయింది సూసేవా? ఆ ముసలావిడకి దండం ఎట్టేను, దారి తెరుసుకున్నాది. లేకపోతే నేనెల్లేవోణ్ణా?"

నోటిదాకా వచ్చిన మాటని ఆమె బలవంతాన మింగింది. దారి ఎలా తెరుచుకుందో చెబితే మళ్లీ తనే మధ్యలోకి వెళ్లి నిలబడాలి.

"ఏటన్నాది?" అంది.

రమేష్‌బాబు తన చేతుల వైపు చూసుకున్నాడు. చెప్పబోయినట్టు పెదాలు కదిలాయి. ఎప్పుడూ చెప్పేవాడే, బడిలో మాస్టారు కొట్టింది మొదలు, దుకాణంలో రైతు తిట్టింది దాకా, అన్నీ ఈ గుమ్మంలోకి తెచ్చి పోసేవాడే.

"సెప్పనప్పా," అన్నాడు.

కోపం లేదు ఆ మాటలో. కొంచెం భయంగా అన్నాడు, అంతే.

"ఎప్పుడొస్తాదో ఇంకా తెలీదు. మల్ల ఆదివారం ఎల్తాను. నివ్వు దానికి ఫోన్ సెయ్యకు, ఏం? నేను సేస్తాను."

పద్మకుమారికి ఒక్కసారిగా చిర్రెత్తింది. వీణ్ణి పంపింది ఎవరు? రెండు బస్సులు మారి, ఎండలో పడి, పనంతా మూటగట్టి వెళ్లింది ఎవరు? పాపకి జలుబు తగ్గిందా, యమున తిట్టిందా, ఏడ్చిందా, లక్ష్మణమ్మ అన్నం పెట్టిందా, మట్టిలో ఎందుకు దిగాడు, ఒక్కటి కూడా చెప్పడా? ఒక్కటైనా అడగాలని గొంతు దురద పెట్టింది. సూది జాకెట్టులో గుచ్చి, తీసి, మళ్లీ అదే చోట గుచ్చింది.

"మంచిది," అంది.

వాడు లేచాడు. గుమ్మం దిగుతూ ఒకసారి వెనక్కి చూశాడు, ఆమె పిలుస్తుందేమోనని. పిలవలేదు. వీధి చివర వాడి ఇంట్లో దీపం వెలిగేదాకా చూసి, మళ్లీ జాకెట్టు ఒళ్లోకి తీసుకుంది.

జగన్నాధం తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "ఏటన్నాడు మీ తమ్ముడు? యమున వస్తాదటా?"

"నాకేటి తెలుసు?" అంది పద్మకుమారి.

ఆయన నవ్వాడు, దాస్తోందనుకుని. "నీకు తెలీకపోడమేటి?"

"తెలీదంటే తెలీదు," అని గసిరి, ఆమె దారం కొసని తడి చేసుకుని సూదిబెజ్జం దగ్గర పెట్టింది. మొదటిసారి ఎక్కలేదు.